మేనత్త వంటింటి గవాచి

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఏ వేళ బస్సెక్కినా ఎండ నేను కూర్చున్న వైపే పడుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఎండ ఏ దిక్కున వస్తుందో చెప్పడమే నా బతుకుతెరువు. బస్సులో ఆ చదువు పనిచేయదు.

ఈ వేసవిలో ఒకరోజు నా పక్కన ఆదోని పత్తి వ్యాపారి కూర్చున్నాడు. సోలారుకు అనువుగా ఇల్లు కట్టుకోవాలని ఆయన కోరిక. కుదిరితే నా చేతికొచ్చే మొదటి పెద్ద ఇల్లు అదే. "ముందు నువ్వు చేసిందొకటి సూపియ్యప్పా" అన్నాడు. చూపించడానికి ఉన్నది ఒక్కటే, ఎమ్మిగనూరులో మా మేనత్త మిద్దె. నా మీద అంత నమ్మకం బంధువులకే ఉంటుంది.

మిద్దె మీద నేను పెట్టించిన సోలారు పలకలు దక్షిణానికి వాలి మెరుస్తున్నాయి. పొద్దంతా నీడ పడని చోటు ఇదొక్కటేనని, ఫోనులో లెక్కలు కట్టి కనిపెట్టానని చెప్పాను. ఆయన ఫోటో తీస్తుంటే, అందులో పడేలా కొంచెం జరిగి నిలబడ్డాను.

కిందికి దిగి వంటింట్లోకి అడుగు పెట్టేసరికి కరెంటు పోయింది.

"ఆడే నిలబడండప్పా, దోవలో రోలుంది" అంది లోపలి నుంచి మేనత్త. అప్పటికే ఆయన కాలు రోలును చేరింది.

"అమ్మా! పగలే ఇంత సీకటేందమ్మా?"

"ఎండలోంచి వచ్చినారు గదా, అట్లే ఉంటాది."

ఆయన ఫోను లైటు పైకి కొట్టాడు. వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి, దాని మీద నా పలక అడుగుభాగం. వానకు గవాచి మూసే పని తప్పుతుందని అప్పట్లో దాన్నొక లాభంగా చెప్పాను. ఆ చోటుకు నీడ రాదని ఇల్లు కట్టినవాళ్ళకు ఫోను లేకుండానే తెలిసింది.

"సోలారుంది గదా, బల్బన్నా ఎలగదా?"

లైను కరెంటు పోతే ఇదీ ఆగుతుందని, అది భద్రత కోసమని వివరించాను. చీకట్లో నా గొంతు నాకే మరీ చదువుకున్నట్టు వినిపించింది.

"కరెంటుంటే బాగా ఎలుగుతాదప్పా. బిల్లు గూడా తక్కువే" అని మేనత్త నన్ను వెనకేసుకొచ్చింది. చీకటిగా ఉందిరా అని కొత్తలోనే ఫోను చేసింది ఆమే. బల్బు వేసుకోమన్నది నేను.

"ఇంటి సంగతి మల్లా మాట్లాడుకుందాంలే" అంటూ వ్యాపారి కుంటుకుంటూ వీధి వైపు నడిచాడు.

ఆయన గడప దాటేదాకా ఆగి, మేనత్త అడిగింది:

"ఇంగనన్నా ఆ పలక తీస్తావా, ఇంగెవరికన్నా సూపియ్యల్లనా?"