ఎర్రచెలక బడి స్లాబు

ఎర్రచెలక బడి అంటే ఒక్క గది. నిజామాబాద్ వైపు ఓ మూలనున్న చిన్న ఊరు అది. ఆ గది కట్టకముందు పిల్లలు బీడీ కార్ఖానా అరుగు మీద, పొగాకు ఘాటుకు తుమ్ముకుంటూ చదివేవాళ్లు. ఇలా లాభం లేదని ఊరంతా ఒక్కటై, సర్కారు కోసం చూడకుండా, తమ రెక్కల కష్టంతో గది కట్టుకున్నారు. మగవాళ్లు రాళ్లు తెచ్చారు, ఆడవాళ్లు తట్టలు మోసి స్లాబు పోశారు. ఆ గదిలోనే భూమేష్ ఐదో తరగతి దాకా చదివాడు. ఇప్పుడతను ఖతర్‌లో, ప్రపంచకప్ కోసం కడుతున్న ఒక స్టేడియంలో పనిచేస్తున్నాడు.

పనంటే ఏం పని? కాంక్రీటు గట్టిపడ్డాక ఊడదీసిన చెక్కలకు మేకులు పీకి, గీకి, దొంతర పెట్టడం. ఒళ్లు వంచి చేసే పని, అందులో తక్కువేముంది? కానీ మనవాడికి అది చెప్పుకోవడం నామోషీ. ఓ రోజు ఇంజనీరు పక్కన పెట్టిన తెల్ల హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, చేతిలో డ్రాయింగు పట్టుకుని ఫోటో దిగాడు. దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాడు. ఊరికి గల్ఫ్ దేశాలన్నీ దుబాయే. దుబాయ్‌లో భూమేషన్న స్టేడియం కట్టిస్తున్నాడని ఊరు ఊరంతా నమ్మేసింది. కాదని చెప్పడానికి వీడికి నోరు పెగల్లేదు.

శుక్రవారాలు అతని భోజనం అల్ మన్సూరా అనే పేటలో, కంపెనీ బస్సు నడిపే ముఖ్తార్ గదిలో. అతనిది నిర్మల్. అలాంటి ఓ శుక్రవారమే గ్రూపులో బడి స్లాబు ఫోటో వచ్చింది. అడుగున పొడుగ్గా ఒక పగులు. వెంటనే గ్రామాభివృద్ధి కమిటీ పెద్ద జలంధర్ గొంతు:

"భూమేషన్నా, నువ్వు గంత పెద్ద స్టేడియం కడుతున్నవ్. జర చూసి చెప్పు. బడి ఉంచుదమా, కూలగొడుదమా? నువ్వెట్లంటే అట్ల."

ముఖ్తార్ నవ్వాడు. "నాకు సమజ్ కాలేదని చెప్పు భాయ్. ఖతం అయిపోతది."

అదే చెప్పాల్సింది. రెండు ముక్కలు! కానీ ఊరంతా తన మాట కోసం కాచుకుని ఉంటే ఊరుకుంటాడా? గొంతు సవరించుకుని, సైట్లో ఇంజనీర్లు మాట్లాడే తీరు తెచ్చిపెట్టుకుని, "స్లాబు ఫెయిల్ అయింది. రేపు పిల్లల మీద పడితే ఎవలు జిమ్మెదార్? కూలగొట్టుండ్రి" అని పంపాడు. దండం బొమ్మలు వరుస కట్టాయి. వెధవకు ఆకలి కూడా పెరిగింది, బిర్యానీ మళ్లీ వడ్డించుకున్నాడు.

కొద్దిరోజులకే జేసీబీ వచ్చింది. కుర్రాళ్లెవరో వీడియో తీసి పంపారు. ఎంత కొట్టినా స్లాబు కదలదే! పొద్దుగూకేదాకా కొడితే గానీ కూలలేదు. విరిగిన ముక్కల్లో కాంక్రీటు గట్టిగా, ఇనుము తుప్పు మచ్చ లేకుండా ఉంది. పగిలింది పైపూత మాత్రమే, గీకి మళ్లీ పూస్తే సరిపోయేది. ముక్కలు చూశాక ఆ మాత్రం భూమేష్‌కూ అర్థమైంది, ఇన్నేళ్లు కాంక్రీటు మధ్యే బతికాడు మరి. అతనికి తల కొట్టేసినట్టయింది.

కొత్త గది మంజూరు కాలేదు. పిల్లలు తక్కువ, పక్కూరి బడికి పంపుకోండి అన్నారు విద్యాశాఖ ఆఫీసులో. పక్కూరికి వాగు దాటాలి. వానలు మొదలయ్యాక చిన్నపిల్లలు ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ సంగతి విన్నాక భూమేష్‌కు అన్నం సయించలేదు. ముఖ్తార్ గదికి పోవడం మానేశాడు. ఊళ్లో బీడీలు చుట్టుకుని బతికే తల్లి గంగాబాయి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేసేవాడు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాడు?

అంతలో జలంధర్ మరో ఫోటో పంపాడు. ఈసారి ఊరి నీళ్ల ట్యాంకు. "దీని సంగతి గూడ నువ్వే చెప్పాలె అన్నా."

ఇక దాచలేకపోయాడు. గ్రూపులోనే, అందరూ వినేలా చెప్పేశాడు. "నేను ఇంజనీర్ను కాదు. చెక్కలకు మేకులు పీకేటోణ్ణి. బడి స్లాబు మంచిగనే ఉండె. నాకు తెల్వకనే కూలగొట్టుమన్న. తప్పు నాదే."

తిడతారని కాచుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. జలంధర్ జవాబు వచ్చింది: "చూసిండ్రా, గంత పెద్ద పని చేసుకుంట గూడ మన అన్నకు రవ్వంత గర్వం లేదు." దాని కింద మళ్లీ దండం బొమ్మలు. భూమేష్‌కు ఆ ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

అప్పుడే తల్లి ఫోన్ మోగింది. ఎత్తాడు.

"పక్కింటి పుష్ప నీ మాట ఇనిపిచ్చింది. నిజమేనా బిడ్డా?"

"నిజమే అవ్వా."

ఆమె మెల్లగా చెప్పింది.

"జేసీబీ అచ్చిన నాడు నేను బడి గుమ్మంల అడ్డం కూసున్నరా. ముట్టనియ్యనన్న. పోలీసోళ్లను పిలుస్తమన్నా లేవలె. చూసి చెప్పింది నీ కొడుకే గంగవ్వా, అన్నరు. నా కొడుక్కు తెల్వదా అని, నేనే లేచి పక్కకు జరిగిన."