మా అరుగు మీది బస్సు

జగిత్యాల పక్కన మా ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లం ఆరుగురం మా అరుగు మీదే కూర్చుంటాం. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దంతా వంచిన తల ఎత్తేది లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మనసే ఊరుకోదు. అందుకే నేను బస్సు నడుపుతాను.

అవును, బస్సే. అందరినీ ఇద్దరిద్దరుగా వరుసల్లో కూర్చోబెడతాను. కత్తిరించగా మిగిలిన ఆకు ముక్కలు టికెట్లు. ఆధార్ కార్డు చూపించనిదే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇవ్వను. కండక్టర్‌ని నేనే, ఈల వేసేదీ నేనే. మొగుడు పోయిన మనిషి, అరవై దాటినాక ఈలలేమిటని అన్నవాళ్లు అన్నారు. చిన్నప్పుడు మంచం తిరగేసి బస్సాట ఆడేదాన్ని, ఈల మా బాపే నేర్పాడు. పెళ్లయ్యాక అదీ మర్చిపోయాననుకున్నాను. ఆయన పోయాక ఏడ్చి ఏడ్చి విసుగొచ్చి, ఒకరోజు నోట్లో వేళ్లు పెట్టుకున్నాను. ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది!

మొన్న ఎండాకాలం మాతో చుట్టే ఎదురింటి వదినె తన కొత్త కోడలిని కూడా మా అరుగు మీదికి తెచ్చింది. కొడుకు పెళ్లయిన నెలకే దుబాయి పోయాడు. పిల్లకు చెన్నూరులో ఉన్న అవ్వను, కన్నతల్లిని, చూడాలని ఉంది, అత్తను అడగడానికి భయం. పంపితే మళ్లీ రాదేమోనని అత్తకు భయం. ఇద్దరూ వేరువేరుగా నాతో చెప్పుకున్నారు కానీ, ఒకరితో ఒకరు అనరు. పిల్ల తిండి కూడా తగ్గించింది.

ఒకరోజు కావాలనే ఆ దారిన బస్సు తీశాను.

"ధర్మపురి, లక్షెట్టిపేట, మంచిర్యాల, చెన్నూరూ! ఏం పిల్లా, ఆధార్ కార్డు చూపియ్యి."

పిల్ల తలెత్తలేదు. "మా అవ్వ దగ్గర మర్శిపోయిన," అంది సన్నగా.

"గట్లయితె దిగు. కార్డు లేనోళ్లకు నా బస్సుల జాగ లేదు."

"చెన్నూరుల జర ఆపు చిన్నత్తా, ఉర్కి తెచ్చుకుంట."

అందరూ గొల్లుమన్నారు. వదినె నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టింది. ఆట ఎక్కువైందేమో అనుకున్నాను.

"ఓ కండక్టరమ్మా, దిగినోళ్లు మళ్ల ఎక్కకపోతె?" అంది.

నేను నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది. "ఎక్కుత అత్తా. ఎనిమిది రోజులకు వస్త. గీమె బస్సు లేకపోతె నాకు గాడ పొద్దుపోదు."

వదినె కోడలి వైపు తిరిగింది. "ఇన్ని దినాలు నోట్ల ఏం పెట్టుకున్నవే? రేపు పొద్దుగాల్ల పో. మీ అవ్వకు మామిడికాయలు పట్కపో."

తెల్లారి పిల్ల నిజం బస్సే ఎక్కింది. మేం పనికి కూర్చునేసరికి ఆమె చోట్లో వదినె దస్తీ గుడ్డ పరిచి ఉంది.

"గాడ ఎవ్వలు కూసోకుండ్రి," అంది వదినె. "మా కోడలు సీటు ఆపిన."