ఇంగువ లేని సాంబారు

నిన్న సాయంత్రం బస్టాండులో ఏదో హోటలు లోపల పోపు వేశారు. ఇంగువ ఘాటు ముక్కుకు తగిలింది. అందరికీ ఆకలి పుట్టించే ఆ వాసన నాకు దిగులు పుట్టిస్తుంది. చేతిలో అరటిపండుతో అక్కడే నిలబడిపోయాను. అప్పన్న మావ గుర్తొచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల సంగతి. అప్పుడు నేను విజయనగరంలో స్కూలు టీచర్ని. గోధుమ నా ఒంటికి పడదని, ఇక జీవితాంతం దాని జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. అన్నం తినే మనకు గోధుమతో పనేమిటి అనిపిస్తుంది. కానీ పెళ్లిళ్లలో, తోటి టీచర్ల ఇళ్లలో “ఇందులో ఏం కలిపారు” అని అడిగి అడిగి అందరికీ విసుగు తెప్పించాను. చివరికి వెళ్లడమే మానేశాను. వాళ్లూ పిలవడం మానేశారు. ఆ వేసవి సెలవుల్లో ఉద్దానం వైపు సముద్రం చూద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను. పలాసలో రైలు దిగి ఒక హోటల్లో గోధుమ పడదని చెబితే సర్వరు జాలిగా చూశాడు.

“సుగరా మేడం? మరైతే సపాతీలు ఎయ్యమంటారా?”

ఒంట్లో బాగోలేదంటే చపాతీ పెట్టడం తప్ప లోకానికి మరో వైద్యం తెలియదు. నవ్వుకుంటూ ఆకలితోనే బస్సెక్కాను.

సోంపేట అవతల, సముద్రపు ఒడ్డున, జీడితోటల పక్కన అప్పన్న మావ భోజనం హోటలు ఉండేది. తాటాకుల పాక. ఊరంతా ఆయన్ని మావ అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. నా గోడంతా విని, “అన్నం, సేపల పులుసు, సాంబారు. గోదుమన్న మాటే నేదు మా కాడ. కూకో అమ్మా,” అన్నాడు. ఎన్నాళ్లకో నలుగురి మధ్య కడుపునిండా తిన్నాను. మర్నాడు కడుపులో మెలిపెట్టే నొప్పితో, ఆ ఊళ్లో అద్దెకు తీసుకున్న గదిలోంచి కదల్లేకపోయాను.

తేరుకుని వెళ్లి చెబితే మావ వంటింట్లోని డబ్బాలన్నీ నా ముందు పెట్టాడు. ఇంగువ డబ్బా మీద సన్నటి అక్షరాల్లో, అందులో కలిపినవాటి మధ్య గోధుమపిండి పేరు ఉంది. మావ ముఖం వాడిపోయింది. “నా సేత్తోనే పెట్టీసినాను గదమ్మా,” అన్నాడు.

ఇక నాకు వేరే గిన్నెలో వండి, వేరే మూల వడ్డిస్తాడనుకున్నాను. అది నాకు అలవాటే. కానీ ఆ మధ్యాహ్నం పడవలవాళ్లు మొదటి ముద్దకే గొడవ మొదలెట్టారు.

“ఏటి మావా, సాంబారిలా ఉంది? ఇంగువెయ్యడం మర్సిపోనావేటి?”

“మర్సిపోనేదు. ఈ టీచరమ్మ ఉన్నన్నాళ్లూ ఎయ్యను. తినీసి ఎల్లండి.”

సణుక్కుంటూనే తిన్నారు. నేను తలెత్తలేదు. ఏడుపొస్తోంది, సంతోషంగానూ ఉంది.

మావ మాత్రం మాతో ఎప్పుడూ తినేవాడు కాదు. ఒకరోజు చేయి కడుక్కుందామని పెరట్లోకి వెళ్తే, గోడవైపు తిరిగి కూర్చుని ఉప్పులేని అన్నం తింటున్నాడు. కిడ్నీల జబ్బు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషి, కొబ్బరినీళ్లు కూడా తాగకూడదట.

“అందరితో కలిసి తినొచ్చు కదా మావా?”

“అందరిసేతా ఉప్పు మానిపించలేను గదమ్మా. ఆల ఇస్తరి సూత్తే నాకు మనసాగదు. నా ఇస్తరి సూత్తే ఆలకి ముద్ద దిగదు.”

ఇన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పుకోలేకపోయిన మాట అది. మర్నాడు నా విస్తరి పెరట్లోకి తెచ్చుకుని ఆయన దగ్గర కూర్చున్నాను. మావ గోడవైపు నుంచి తిరిగి నాకు ఎదురుగా కూర్చున్నాడు. సెలవులు అయిపోయేదాకా అలాగే తిన్నాం.

మరుసటి వేసవికి వెళ్లేసరికి పాక లేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకతను నన్ను గుర్తుపట్టాడు.

“మావ సలికాలంలో పోనాడమ్మా. నువ్వెల్లిపోయినాక కూడా సాంబార్లో ఇంగువెయ్యనేదు. అడిగితే, టీచరమ్మ ఎప్పుడొత్తాదో ఏటో అనీవోడు.”

పాక పెరడు ఉన్న చోటికి వెళ్లి ఇసకలో కూర్చున్నాను.

ఇప్పటికీ చాలా పూటలు ఒక్కదాన్నే తింటాను. కానీ పెళ్లిళ్లకు మళ్లీ వెళ్తున్నాను. ఏ మూలనో ఒకరు వట్టి మజ్జిగన్నం కలుపుకుంటూ కనిపిస్తారు. ఏం జబ్బని అడగను. నా విస్తరి తీసుకెళ్లి వాళ్ల ఎదురుగా కూర్చుంటాను.