గేటు దగ్గర విశ్రాంతి

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, కంప్యూటర్‌లో ఒక్క మాట. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

గురుగ్రామ్‌లో అర్జెంటు సరుకు చేరవేసే కంపెనీ మాది. ఏ వ్యాను ఎటు వెళ్ళాలో చెప్పడం నా పని. డ్రైవరు పది గంటలు నడిపితే, ఆరు గంటలు పడుకునేదాకా మరో ట్రిప్పు ఇవ్వకూడదని మా రూలు. రూలు ఉన్నచోట దొడ్డిదారీ ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర లోడు కోసం ఆగిన గంటల్ని ‘విశ్రాంతి’ అని రాసేసేవాళ్ళం. గేటు దగ్గర ఎవడు పడుకుంటాడు? లైను కదిలినప్పుడల్లా బండి ముందుకు తీయాలి, లేకపోతే వెనకవాడు దూరిపోతాడు. అది తెలిసే రాశాను.

మా డ్రైవర్లలో ఒకాయనది శ్రీకాకుళం. సైన్యంలో డ్రైవరుగా రిటైరై, పిల్లల చదువుల కోసం ఢిల్లీలోనే ఉండిపోయాడు. బాబాయ్ అనేవాణ్ణి. ఒకరోజు ఆయన లోడు కోసం భివాడీలో ఫ్యాక్టరీకి చేరేసరికే బండి నడపడం పది గంటలు నిండింది. గేటు దగ్గర మరో ఆరు గంటలు. మధ్యాహ్నం లోడు ఎక్కాక ఫోన్ చేశాడు.

“బాబూ, కళ్ళు మూతలు పడిపోతన్నాయి. ఓ రెండు గంటలు తొంగుంటాను.”

“బాబాయ్, ఈ సరుకు లేక నోయిడా ఫ్యాక్టరీలో పని ఆగిపోయి ఉంది. ఇదొక్కటి దింపేసి పడుకో.”

“ఠీక్ హై. నువ్వు సెప్పాక ఇంకేటుంది.”

ఫోను పెట్టేసి, ఆరు గంటల విశ్రాంతి అని రాశాను.

వ్యాను డివైడరెక్కింది. ఆయన కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. విచారణ చేసినవాళ్ళు నా స్క్రీను చూశారు. చాలినంత నిద్రపోయి కూడా కునుకు తీశాడు కాబట్టి డ్రైవరుదే నిర్లక్ష్యం అన్నారు. ఆయన్ని తీసేశారు. ఆ గదిలో నేనూ ఉన్నాను. నోరు విప్పితే నా ఉద్యోగం పోయేది. భయపడ్డాను, అంతే. అందరూ అలాగే రాసేవారు కదా అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజమే, అందరూ రాశారు. కానీ కళ్ళు మూతలు పడుతున్నాయని చెప్పిన మనిషిని రోడ్డెక్కించింది అందరూ కాదుగా?

పండ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కన్ను అంటుకుపోయిందనీ, తన వల్ల నాకు మాట వచ్చిందనీ, మనసులో పెట్టుకోవద్దనీ అన్నాడు. నేనేం రాశానో ఆయనకు తెలియదు. ఈనాటికీ తెలియదు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పర్లేదులే బాబాయ్ అన్నాను. ఆయన్ని క్షమించి ఇంటికి వచ్చాను.

ఇన్నేళ్ళకు ఉన్నదున్నట్టు రాశాను. కాస్త తేలికగా ఉంది. ఆయనకు చెప్పాల్సింది మీకు చెప్పాను. అదీ నాకు తెలుసు.