తెరుచుకోకపోతేనే పాసు

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి తాళాలత్త అనేవారు. ఇంటికి తాళం వేసి, గుంజి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి గుంజి వచ్చే రకం. "నన్ను కూడా ఇలాగే గుంజి గుంజి చూశాకే పెళ్లికి ఒప్పుకుంది" అని వాళ్లాయన స్కూటర్ మీద దింపడానికి వచ్చినప్పుడల్లా, అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. ఆవిడ ఉద్యోగమూ అదే. ఎవరో కట్టిన సాఫ్ట్‌వేర్ నిలుస్తుందో లేదో గుంజి చూడటం.

ఆ మధ్యాహ్నం గుంజాల్సింది కొత్తగా చేరిన కుర్రాడి పనిని. చాలాకాలం ఖాళీగా తిరిగి, బావ వెటకారాలు దిగమింగి అతను సంపాదించుకున్న ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు. మనసు బాగోలేనివాళ్లు వచ్చి గోడు చెప్పుకునే కేంద్రానికి క్లౌడ్‌లో డేటాబేస్ కట్టాడు. ఆ కేంద్రాన్ని నడిపే డాక్టరమ్మ షరతు ఒక్కటే: ఆ గోడునంతా ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే పరాయివాళ్లు చదవలేని రాతగా మార్చే తాళంచెవి క్లౌడ్ కంపెనీది కాకూడదు, తమదే కావాలి. తాము దాన్ని ఆపేస్తే ఇక ఎవరూ తెరవలేకపోవాలి. సాయంత్రం ఆవిడే వచ్చి చూస్తానంది. తేడా వస్తే కాంట్రాక్టు పోతుంది, వెనకే ఇతనూ పోతాడు.

"ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది అత్తా. ఇదుగో తాళంచెవి, కేంద్రం పేరే పెట్టాను" అని ధీమాగా చూపించాడు.

"ముద్దుగా ఉంది. ఆ తాళంచెవి ఆపెయ్."

"ఆపితే డేటాబేస్ మూతపడుతుంది కదా?"

"పడాలనేగా. లోపలున్నవి ఇంకా ఉత్తుత్తి పేర్లే. ఆపు."

ఆపాడు. కాసేపాగి డేటాబేస్‌ను మళ్లీ మొదలుపెట్టించింది. అది హాయిగా తెరుచుకుంది. ఉత్తుత్తి పేర్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

"తాళంచెవి చేశావు అల్లుడూ, తలుపుకి వాడటం మర్చిపోయావు."

నిజమే. డేటాబేస్ తయారుచేసే పేజీలో ఏ తాళంచెవి కావాలో ఎంచుకునే గడిని ముట్టుకోకుండా వదిలేశాడు. క్లౌడ్ కంపెనీ తన సొంత తాళంచెవితో పని కానిచ్చేసింది. ఎన్‌క్రిప్షన్ ఉందా అని అందరూ అడిగారు, ఎవరి చెవితో అని ఎవరూ అడగలేదు.

"పైవాళ్లకి చెప్తారా?"

"చెప్తాను. కాకపోతే సరిచేశాక చెప్తాను. పిల్లనిచ్చిన అత్తను కాను, నీ దగ్గర నాకు మొహమాటం లేదు. కూర్చో."

ఉన్నదానికి చెవి మార్చే వీల్లేదు. కాపీ తీసి, దానికి తమ చెవి తగిలించి, అందులోంచి కొత్త డేటాబేస్ నిలబెట్టాలి. ఆవిడ కీబోర్డు ముట్టుకోలేదు. అన్నం డబ్బా మూత తీయకుండా పక్కనే కూర్చుని, అతను తొందరపడ్డప్పుడల్లా "చదువు, చదివి నొక్కు" అంటూ ఉండిపోయింది.

సాయంత్రం డాక్టరమ్మకి దాచకుండా చెప్పింది. "మధ్యాహ్నం ఇది తప్పిందండీ. ఈ అబ్బాయే సరిచేశాడు. నా మాట నమ్మకండి, మీరే తాళంచెవి ఆపి చూడండి."

డాక్టరమ్మ తన చేత్తోనే ఆపింది. కాసేపటికి ఎర్రక్షరాలు వచ్చాయి: తాళంచెవి అందుబాటులో లేదు, డేటాబేస్ తెరవడం కుదరదు. ఏ ప్రేమలేఖనూ అతను అంత ఆశగా చదివి ఉండడు.

"ఇక మావాళ్లతో ధైర్యంగా చెప్తాను, మాట్లాడండని" అంది డాక్టరమ్మ. సంతకం పెట్టి వెళ్లింది.

కృతజ్ఞత చెప్పడం అతనికి చేతకాదు. నాలుగుసార్లు గొంతు సవరించుకుని, చివరికి ఆవిడ డబ్బా పట్టుకెళ్లి క్యాంటీన్‌లో వేడి చేయించుకొచ్చి ముందు పెట్టాడు.

"సగం నువ్వు తిను. నువ్వు మాత్రం తిన్నావా ఏంటి" అంటూ ఆవిడ మూతలో వడ్డించింది. అతను తలొంచుకుని తిన్నాడు, కళ్లు కనబడకుండా.