ఒకటి పాయింటు పది వెంట ధర్మవరం దాకా

సోమవారం పొద్దున ఏడు నలభైకి హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరు ఎక్కాను. నన్ను పరుగెత్తించింది ఒక అంకె.

నేను రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన చిన్న ప్రోగ్రాం ఒకటుంది. గళ్ల కాగితం మీది చీర డిజైన్‌ను చదివి, ఆ డిజైన్ నేయడానికి మగ్గానికి పెట్టే అట్టల్లో ఎక్కడెక్కడ రంధ్రాలు కొట్టాలో చెబుతుంది. వెర్షన్ 1.9 వరుసలను ఎడమ నుంచి చదివేది. పోయిన వారం వదిలిన 1.10లో, కోడ్ శుభ్రపడుతుందని, కుడి నుంచి చదివించాను. ఆదివారం చీరాల నుంచి ఒకాయన ఈమెయిల్ పంపాడు: "తమరి దయవల్ల నా నెమళ్లన్నీ వెనుదిరిగాయి."

ధర్మవరంలో నా ప్రోగ్రాం చూసి అట్టలు కొట్టే రమణప్ప సోమవారమే ఒక పెళ్లిచీర పని మొదలుపెడుతున్నాడు. పమిటచెంగులో వధూవరుల పేర్లు. ఆయన గనక 1.10 వేసి ఉంటే, పెళ్లికూతురు తన పేరును అద్దంలో చదువుకోవాలి, రమణప్ప వేరే వృత్తి వెతుక్కోవాలి. ఆదివారం రాత్రి దాకా ఆయన ఇంటి ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు.

ఎనిమిదిన్నరకు పెనుకొండ. మెడలో టేపుతో ఒక దర్జీ ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. నా బొరుగుల ఉగ్గాని పొట్లంలోంచి ఒక బజ్జీ ఇచ్చాను.

"యాడికి పోతాండావబ్బా, అంత గాబరాగా?"

చెప్పాను. పాత పని చెడకుండా కొత్తది చేరిస్తే వెర్షన్ నంబరులో చుక్క తర్వాతి అంకె పెంచాలి. పాత పని చెడేటట్టుంటే చుక్క ముందరిది. నేను ముందరిదాన్ని ముట్టుకోలేదు.

"ఏం, ఎందుకని?"

"రెండు అంటే చాలా పెద్ద అంకె. సిగ్గేసింది."

"గుండీలు ఆ పక్కకు మార్చి, 'అదే చొక్కాలే అబ్బా' అని నేనిస్తే ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"అయితే ఆయప్ప కొడితే కొట్టించుకో. చొక్కా మాత్రం చింపించుకోగాకు, నాకిప్పటికే శానా పని ఉండాది."

ధర్మవరంలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆటోలో రమణప్ప ఇంటికి చేరాను. అప్పటికే కొట్టిన అట్టలు జానెడెత్తు దొంతరగా ఉన్నాయి! పైదాన్ని తీసి, గళ్ల కాగితం పక్కన పెట్టి, రంధ్రం రంధ్రం సరిచూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"అన్నా, కొత్తది వేయలేదా?"

"ఎందుకేస్తానప్పా? నా కాడ ఉండేది ఒకటి పాయింటు తొమ్మిది. నువ్వు పెట్టింది ఒకటి పాయింటు పది. అంటే ఒకటి పాయింటు ఒకటే కదా? నిద్రమత్తులో పాతది పెట్టినావనుకుంటి."

అవి దశాంశాలు కావనీ, తొమ్మిది తర్వాత పది వస్తుందనీ వివరించాను.

"మా లెక్కల అయ్యవారికి చెప్పు ఈ మాట. గోడకుర్చీ ఏపిస్తాడు."

"ఫోన్ ఎత్తలేదేం?"

"నిన్న గోరంట్లలో పెండ్లి. ఇంటిల్లిపాదీ ఆడే ఉంటిమి. తెల్లారుజామున వచ్చి నేరుగా పనికి కూర్చుంటి."

వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని 1.10ను తీసేశాను. అదే కోడ్‌ను 2.0 పేరుతో పెట్టి, మొదటి వాక్యంలోనే హెచ్చరిక రాశాను: పాత డిజైన్లు తిరగబడతాయి.

వెనక నిలబడి చూస్తున్న రమణప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "రెండా! ఈ పెండ్లిళ్లు అయ్యేదాకా నేను దాని జోలికే పోను సామీ."

ఆ అంకె ఉండేది ఆ భయం పెట్టడానికే.

మధ్యాహ్నం రెండుంబావు ప్యాసింజరులో తిరుగు ప్రయాణం. నోటుబుక్కు తీసి, ఇంతకుముందు ఇలాగే చిన్న అంకె వేసి పెద్ద మార్పును దాటించిన విడుదలలను రాస్తూ పోయాను. పెనుకొండ వచ్చేసరికి నాలుగు తేలాయి. అప్పట్లో ఒక్కరూ తిట్టలేదు. నా పనితనం వల్ల కాదు, అప్పటికి ఆ ప్రోగ్రాం వాడేవాళ్లే లేరు. ఇప్పుడు తిట్టడానికి ఇద్దరున్నారు. అంత సంతోషంగా నేను హిందూపురంలో ఎప్పుడూ దిగలేదు.