రాహుకాలంలో ఊడని వాచీ

మీ చేతి గడియారంలో రాహుకాలానికి వేరే ముల్లు ఉందా?

2014లో ఒక శుక్రవారం. పదకొండున్నరకు విజయనగరంలో నాకు లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇంకా టైముందని వదినతో కలిసి ఖరీదైన వాచీల షాపులోకి వెళ్లాను. కొనే స్తోమత లేకపోయినా, బంగారు రంగు లేడీస్ వాచీ ఒకటి పెట్టుకుని చూశాను. పట్టీ లాక్ బిగుసుకుపోయింది. ఎంత లాగినా ఊడలేదు.

"సెప్పినానా, ఈ యేళప్పుడు కొత్తది ముట్టుకోవద్దని!" అంది వదిన.

"పట్టీ పిన్ను తీసెయ్యండి, ఇంటర్వ్యూ ఉంది" అని యజమానిని బతిమాలాను.

ఆయన గోడ మీది క్యాలెండర్ చూశాడు. "రాహుకాలం నడస్తన్నాదమ్మా. కొత్త సరుక్కి పనిముట్టు తగిలించం. పన్నెండు దాటనీ."

షాపు నిండా సెకను తప్పని వాచీలు. టైము చెప్పేది మాత్రం గోడ మీది కాగితం! బల్ల మీది స్క్రూడ్రైవర్ నేనే అందుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని దండం పెట్టాడు. పిన్ను ఊడింది. వాచీ మీద గీతైనా పడలేదు. పరుగున వెళ్లి ఇంటర్వ్యూ అందుకున్నాను.

ఉద్యోగం మాత్రం రాలేదు.

"సూసినావేటే, రాహుకాలం!" అంది వదిన.

"రెండు ప్రశ్నలకి జవాబు తెలీలేదు వదినా. రాహువుకి తెలుసేటి?"

వచ్చే శుక్రవారం పదిన్నరకు, రాహుకాలం మొదలవగానే, మీరూ ఒక కొత్త పని మొదలుపెట్టండి. చెడితే క్యాలెండర్ తిప్పకుండా, ఎక్కడ తప్పారో వెతకండి.